కథలాడించి ఇంగ్లీషు మాటలు నేర్పాలంటే: ఐదు పద్ధతుల్లో మీ తరగతికి ఏది?

2022–23 నుంచి తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 1 నుంచి 8వ తరగతి దాకా ఇంగ్లీషు మీడియం వచ్చింది. పుస్తకం తెరిస్తే ఒక పక్క తెలుగు, ఎదుటి పక్క ఇంగ్లీషు. పాఠం అర్థం కావడానికి ఆ ఏర్పాటు మంచిదే. కానీ రెండో తరగతి పిల్లకు ఒక మాట నిలవాలంటే పేజీ చాలదు. ఆ మాట చెవిన పడాలి, కళ్ల ముందు జరగాలి, తానే చేసి చూడాలి, అదీ పదే పదే. అందుకే ఇంగ్లీషు చెప్పే టీచర్లకు "యాక్షన్‌తో చెప్పండి, కథలాడించండి" అనే సలహా తరచుగా వినపడుతుంది. ఆ ఒక్క సలహా కింద ఐదు వేర్వేరు పనులున్నాయి. ఒక తరగతికి సరిపోయింది పక్క తరగతికి సరిపోదు. నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు ప్రాథమిక బడుల్లో ఉండే వసతులు, పిల్లల ఇంటి భాషలు లెక్కలోకి తీసుకుని ఆ ఐదింటినీ ఇక్కడ పోల్చి చెబుతున్నాం.

కొలత ఒక్కటే పెట్టుకోండి: ఒక పీరియడ్‌లో ఒక కొత్త మాటను ప్రతి పిల్లా అర్థమవుతూ ఎన్నిసార్లు విన్నది? వేషాలు, చప్పట్లు, వీడియో ఎంత బాగా వచ్చిందనేది తర్వాతి సంగతి.

ఆజ్ఞల ఆట

టీచర్ "స్టాండ్", "టర్న్", "టచ్ ద డోర్" అంటుంది, పిల్లలు చేస్తారు. మాట్లాడాల్సిన పని లేదు. దీన్ని టీపీఆర్ (టోటల్ ఫిజికల్ రెస్పాన్స్, అంటే ఒళ్లు కదిలించి జవాబివ్వడం) అంటారు. అమెరికాలో మనస్తత్వశాస్త్రం బోధించిన జేమ్స్ ఆషర్ 1960లలో దీనికి రూపం ఇచ్చారు. పసిపిల్లలు మాటలు రాకముందే "ఇటు రా", "బంతి తే" అంటే చేసి చూపిస్తారు కదా, రెండో భాషకూ అదే దారి అని ఆయన వాదన.

చేసే వరుస ఇదీ. మూడు మాటలతో మొదలుపెట్టండి. ఇద్దరు పిల్లల్ని పక్కన నిలబెట్టుకుని మీరూ చేస్తూ చెప్పండి. తర్వాత మీరు చేయడం ఆపి మాట మాత్రం చెప్పండి. ఆ మీదట ఒక్కొక్కరికి చెప్పండి. చివరగా అప్పటిదాకా వినని కలయిక ఇవ్వండి: "టచ్ ద బ్యాగ్" వచ్చింది, "రన్" వచ్చింది, ఇప్పుడు "రన్ టు ద బ్యాగ్". ఆ కలయిక చేయగలిగితేనే మాట వచ్చినట్టు. ఒక విడతకు పది నిమిషాలు మించొద్దు.

ఇది చెడిపోయే తీరు ప్రతి బడిలోనూ ఒకటే. "స్టాండ్, సిట్, జంప్" అని రోజూ అదే వరుసలో చెబితే పిల్లలు వరుసను గుర్తుపెట్టుకుంటారు, మాటల్ని కాదు. రెండోది, పక్కవాణ్ని చూసి చేయడం. నలుగురిని ముందుకు పిలిచి కళ్లు మూసుకోమని చెప్పి అడిగితే ఎవరికి వచ్చిందో వెంటనే తెలిసిపోతుంది. మూడోది, ఈ పద్ధతికే ఉన్న హద్దు: "కావాలి", "లేదు", "ఎందుకంటే" లాంటివి ఆజ్ఞగా చెప్పలేం. మూడు వారాలు దాటితే పిల్లలకు విసుగొస్తుంది. అందుకే ఇది మంచి తొలిమెట్టే గానీ ఏడాదంతా దీనితో నడవదు.

అడుగుతూ అల్లే కథ

మా ఓటు దీనికే. కాలిఫోర్నియాలోని బేకర్స్‌ఫీల్డ్‌లో స్పానిష్ చెప్పిన బ్లెయిన్ రే తన విద్యార్థులు ఆజ్ఞల దగ్గర ఆగిపోతుంటే వాటికి కథను జోడించారు. టీపీఆర్‌కు స్టోరీటెల్లింగ్‌లోని "ఎస్" చేరి టీపీఆర్‌ఎస్ అనే పేరు అలా వచ్చింది. మెట్లు మూడు: అర్థం చెప్పడం, కథను అడిగి రాబట్టడం, చదివించడం. కథ టీచర్ దగ్గర సగమే ఉంటుంది. మిగతా సగం పిల్లలు ఇస్తారు.

ఇది మనకు కొత్త కాదు. ఒగ్గు కథలో ప్రధాన కథకుడు చెబుతుంటే వంతవాళ్లు అందుకుని, ఊకొట్టి, మళ్లీ అన్నట్టే ఇక్కడ టీచర్ కథకుడు, తరగతంతా వంత. మధ్యలో ఇద్దరు ముగ్గురు పిల్లలు అభినయిస్తారు. నటించే పిల్ల నోరు తెరవకపోయినా పర్వాలేదు.

ఒక కథను దగ్గరగా చూద్దాం. కొత్త మాటలు మూడే: "వాంట్స్", "గోస్ టు", "దేర్ ఈజ్ నో". బోర్డు మీద ఇంగ్లీషులో రాసి పక్కనే తెలుగు అర్థం రాయండి. ఒక్కోదానికి ఒక సైగ పెట్టండి: వాంట్స్ అంటే రెండు చేతులూ గుండెకేసి లాక్కోవడం, గోస్ టు అంటే రెండు వేళ్లతో నడక, దేర్ ఈజ్ నో అంటే ఖాళీ అరచేతులు చూపడం. గదిలో మూడు మూలల్లో మూడు అట్టలు కట్టండి: మిర్యాలగూడ, నకిరేకల్, నల్లగొండ. మేక వేషానికి ఒక పిల్లవాడు.

"దేర్ ఈజ్ ఎ గోట్. ద గోట్ వాంట్స్ ఎ స్వీట్ లైమ్." మేకకు బత్తాయి కావాలి. ఇక ఈ వాక్యాన్ని వదలకుండా చుట్టూ తిరగాలి. "డజ్ ద గోట్ వాంట్ ఎ స్వీట్ లైమ్?" యెస్. "డజ్ ద గోట్ వాంట్ రైస్?" నో. "స్వీట్ లైమ్ ఆర్ రైస్?" స్వీట్ లైమ్. "హూ వాంట్స్ ఎ స్వీట్ లైమ్?" గోట్. "డజ్ ద టీచర్ వాంట్ ఎ స్వీట్ లైమ్?" నో, నో! ద గోట్! అప్పుడు మళ్లీ మొదటి వాక్యం. డజ్‌తో అడిగితే "వాంట్స్" కాస్తా "వాంట్" అయిపోతుంది. చివరి స వినపడాలంటే "హూ" ప్రశ్నలు ఎక్కువ వేయండి.

మేక మిర్యాలగూడ మూలకు నడుస్తుంది. అక్కడ రైస్ మిల్లులు. "దేర్ ఈజ్ రైస్. దేర్ ఈజ్ నో స్వీట్ లైమ్." మేక తల వేలాడేస్తుంది. నకిరేకల్ నిమ్మకాయల మార్కెట్‌కు పోతుంది. పసుపురంగు కాయ చూసి సంబరపడి కొరుకుతుంది. మొహం వంకర్లు పోతుంది. "లెమన్!" అని తరగతంతా అరుస్తుంది. మూడో మూల నల్లగొండ. అక్కడ బత్తాయి దొరుకుతుంది. ఒక్కో చోటా ఐదారు ప్రశ్నలు వేసినా, కథ ముగిసేసరికి ప్రతి పిల్లా "వాంట్స్" మాటను 15 నుంచి 20 సార్లు అర్థమవుతూ విన్నట్టు. నటించింది ఒక్క పిల్లవాడే అయినా విన్నది మాత్రం అందరూ.

పాలమూరు వైపైతే కోతికి మామిడిపండు కావాలనండి. నారాయణపేటకు పోతే చీరలే ఉంటాయి, జడ్చర్ల మార్కెట్‌లో పల్లీలుంటాయి, కొల్లాపూర్‌లో మామిడి దొరుకుతుంది. చోట్లు పిల్లలకు తెలిసినవైతే వాటి అర్థం చెప్పే పని ఉండదు, బలమంతా ఆ మూడు మాటల మీదే పెట్టొచ్చు. ఇంకో సులువు కూడా ఉంది. బస్సు, బ్యాగు, గ్లాసు, డోర్, బాల్, ఫోన్, టీవీ, బైక్ పిల్లల నోట్లో ఎప్పటినుంచో ఉన్నాయి. వీటిని కొత్త మాటల లెక్కలో వేయకుండా కథలో విచ్చలవిడిగా వాడుకోండి.

మూడు పీరియడ్లకు పంచుకుంటే హాయిగా ఉంటుంది. మొదటి రోజు సైగలు, ఆ మూడు మాటలతో మీ పిల్లల గురించే చిన్న ప్రశ్నలు. రెండో రోజు 20, 25 నిమిషాలు కథ. మూడో రోజు అదే కథను 60 నుంచి 80 మాటల్లో చార్టు మీద రాసి చదివించడం. ఒక్కో కొత్త మాట ఆ చార్టులో కనీసం నాలుగుసార్లు రావాలి. చదువుతుంటే ఇంకో పిల్ల అభినయిస్తుంది. ఈ మూడో రోజును చాలామంది ఎగరగొడతారు. అది పొరపాటు, ఎందుకంటే విన్న మాట అక్షరాల్లో గుర్తుపట్టడం అక్కడే జరుగుతుంది.

ఎక్కడ తప్పుతుందంటే, మొదటిది మాటల సంఖ్య. పాఠంలో 12 కొత్త మాటలున్నాయని 12నూ ఒకే కథలో దింపితే ఒక్కోటి రెండేసి సార్లు వినపడి పోతుంది. నాలుగు కథలుగా విడదీయండి. రెండోది ప్రతి వాక్యానికీ తెలుగు చెప్పడం. అలా చేస్తే పిల్లలు ఇంగ్లీషు వాక్యాన్ని వదిలేసి వెనక వచ్చే తెలుగు కోసం ఎదురుచూస్తారు. అర్థం మొదట్లో ఒక్కసారి తేటగా చెప్పి, ఆ తర్వాత బోర్డు మీద ఆ మాటను వేలితో చూపడం చాలు. మూడోది వేగం. ప్రశ్నకు ముందు వరుసవాళ్లు తక్కున జవాబిస్తే అందరికీ వచ్చిందనుకుంటాం. తరగతిలో నిదానంగా అందుకునే పిల్లను ఒకరిని మనసులో ఎంచుకుని ఆ పిల్ల కళ్లు చూస్తూ నడపండి. ఆ పిల్ల సైగ చేయగలిగితే ముందుకు సాగండి.

స్పానిష్ చెప్పేవారికైనా లెక్క ఇదే. అయ్ (ఉంది), తియేనే (దాని దగ్గర ఉంది), కియేరే (దానికి కావాలి), వా (వెళ్తుంది): ఈ నాలుగు క్రియలతోనే మొదటి కథలన్నీ నడిచిపోతాయి. మన పిల్లలకు ఇంగ్లీషులోనూ వీటి జోడీలైన "హ్యాజ్", "వాంట్స్" దగ్గరే తడబాటు. "నాకు కావాలి", "నా దగ్గర ఉంది" అని మనం అంటాం కాబట్టి "మి వాంట్" అని వచ్చేస్తుంది. దిద్దుతూ కూర్చోకుండా సరైన రూపాన్ని కథలో మళ్లీ మళ్లీ వినిపించండి.

తెలిసిన కథకు అభినయం

దాహం వేసిన కాకి, కుందేలు తాబేలు లాంటివి. టీచర్ ఇంగ్లీషులో చెబుతుంటే పిల్లలు చేసి చూపుతారు. తయారీ తక్కువ, అర్థం కాని భయమూ లేదు. కానీ లోపం అక్కడే ఉంది. కథ ముందే తెలుసు గనక పిల్లలు మీ ఇంగ్లీషు వినకుండానే చక్కగా నటించేస్తారు. బయటి నుంచి చూస్తే పాఠం అద్భుతంగా నడిచినట్టే కనిపిస్తుంది.

దీనికి విరుగుడు: ప్రతి కథలోనూ ఒక చోట మార్చండి. కాకి కుండలో రాళ్లకు బదులు లడ్డూలు వేసిందనండి. "నో టీచర్, స్టోన్స్!" అని ఎదురొచ్చారా, వింటున్నారన్నమాట. ఎవరూ కదలకపోతే మీ మాటలు చెవిదాకా పోలేదని తెలుసుకోండి. ఇంకో సంగతి, పాత కథల పుస్తకాల్లో "పిచర్", "పెబుల్స్" వంటి మాటలుంటాయి. పిల్లలు మళ్లీ ఎప్పుడు వాడతారు? "పాట్", "స్టోన్" పెట్టుకోండి.

కంఠస్థం నాటిక

ఆగస్టు 15కు, జనవరి 26కు, వార్షికోత్సవానికి వేసేది. ఒక్కో పిల్లకు రెండు డైలాగులు, రెండు వారాలకు పైగా ప్రాక్టీసు. ఆ రెండు వాక్యాలు గట్టిగా, స్పష్టంగా చెప్పడం వస్తుంది. నలుగురిలో నిలబడే ధైర్యం వస్తుంది, అమ్మానాన్నలు మురిసిపోతారు. ఇవి చిన్న లాభాలు కావు. మాటలు నేర్పే పనికి మాత్రం ఇది ఐదింటిలో చివరిది. ఎవరి డైలాగు వారికే వస్తుంది, పక్కవాడు ఏమన్నాడో తెలియదు. పాత్ర దొరకని 20 మంది గోడకానుకుని కూర్చుంటారు.

వేయక తప్పదంటే మొత్తం నాటకాన్ని 8, 10 వాక్యాలకు కుదించండి. కథ చెప్పే వాక్యాలన్నీ పాత్ర లేని పిల్లల గుంపుకు ఇచ్చి కలిసి చెప్పించండి. ప్రాక్టీసులో రోజుకో పిల్ల ఒక్కో పాత్ర వేయాలి. ఎవరు స్టేజీ ఎక్కాలో చివరి రెండు రోజుల్లో తేల్చండి. పైన చెప్పిన మేక కథ పిల్లలకు బాగా వచ్చేశాక దాన్నే నాటికగా మారిస్తే ఇంకా మేలు, అప్పుడు కంఠస్థం చేయాల్సిన పనే తగ్గిపోతుంది.

పుల్లబొమ్మలు

పోస్టుకార్డంత అట్టముక్క మీద బొమ్మ గీసి, వెనక చీపురుపుల్ల కట్ట గానీ ఐస్‌క్రీం పుల్ల గానీ అతికిస్తే బొమ్మ తయారు. ఒక్క పుల్ల పెడితే అట్ట గిర్రున తిరుగుతుంది. రెండు పుల్లలు పక్కపక్కన అతికించండి. ఇద్దరు పిల్లలు తువ్వాల అడ్డం పట్టుకుంటే అదే తెర.

సిగ్గరి పిల్లలు తెర వెనక నోరు విప్పుతారు. "ఐ వాంట్", "ఐ యామ్", "డు యూ హ్యావ్" వంటి సంభాషణ మాటలకు దీన్ని మించింది లేదు, ఎందుకంటే అడుగుతూ అల్లే కథలో టీచరే మాట్లాడుతుంది గనక పిల్లలు ఎక్కువగా "ద గోట్ వాంట్స్" రూపమే వింటారు. క్రియల దగ్గర మాత్రం ఇది తేలిపోతుంది. తోలుబొమ్మకు కీళ్లుంటాయి, పుల్లబొమ్మకు లేవు. "రన్", "జంప్", "వాక్" మూడింటికీ అది ఒకేలా ఊగుతుంది. చూసే పిల్లలకు తేడా అందదు. క్రియలకు పిల్లల ఒళ్లే వాడండి.

ఇక మీ తరగతికి ఏది?

ముందు పిల్లల ఇంటి భాష చూడండి. దేవరకొండ చుట్టుపక్కల తండాల నుంచి వచ్చే పిల్లలకు ఇంట్లో లంబాడీ, బడిలో తెలుగు, మీదట ఇంగ్లీషు. నారాయణపేట జిల్లా కృష్ణా మండలం వైపు ఇళ్లలో కన్నడ, మహబూబ్‌నగర్ పట్నంలో చాలా ఇళ్లలో ఉర్దూ. ఇలాంటి ఒకటో తరగతికి బోర్డు మీద తెలుగు అర్థం రాస్తే పని సగమే అవుతుంది. అక్కడ ఆజ్ఞల ఆటను మూడు వారాలకు బదులు ఐదారు వారాలు నడపండి. కథలోకి వచ్చాక తెలుగు మాట పక్కన బొమ్మ కూడా పెట్టండి. పెద్ద తరగతి పిల్లల్లో ఆ భాష తెలిసినవారిని పిలిచి అర్థం ఒక్కసారి ఇంటి భాషలో చెప్పించండి. మొహమాటం వద్దు, దానివల్ల ఇంగ్లీషు చెడదు.

ఇద్దరు టీచర్లు, ఐదు తరగతులు, మొత్తం పాతికమంది ఉన్న ఊరి బడైతే అడుగుతూ అల్లే కథను అందరికీ కలిపే చెప్పొచ్చు. ఒకటి, రెండు తరగతుల పిల్లలకు యెస్, నో ప్రశ్నలు, సైగలు. మూడో తరగతి నుంచి "వేర్", "హూ" ప్రశ్నలు. నాలుగు, ఐదు తరగతులవాళ్లు చివర్లో కథ రాస్తారు, అప్పుడు చిన్నవాళ్లు నాలుగు బొమ్మలను కథ వరుసలో పేరుస్తారు. ఆ పదిహేను నిమిషాలు మీకు ఇంకో తరగతి చూసుకోవడానికి దొరుకుతాయి.

ఒకే గదిలో 40 మంది, బెంచీల మధ్య సందు లేదు అంటే ఆజ్ఞల ఆట గందరగోళమవుతుంది. కూర్చున్న చోటే చేతులతో చేసే సైగలకు దాన్ని కుదించి, నటులను ముగ్గురికి మించకుండా బోర్డు ముందు ఆడించండి. మిగతావాళ్లకు చప్పుళ్ల పని ఇవ్వండి: ఒక వరుస గాలి, ఒక వరుస బస్సు, ఒక వరుస మేకల మంద. చప్పుడు ఎప్పుడు చేయాలో ఇంగ్లీషు వాక్యమే చెబుతుంది కాబట్టి అందరి చెవులూ మీ మీదే ఉంటాయి. ఆపడానికి ముందే ఒక గుర్తు పెట్టుకోండి, పిడికిలి ఎత్తితే నిశ్శబ్దం. అది మొదటి రోజే అలవాటు చేయకపోతే పక్క గది టీచర్ మీ తలుపు తట్టడం ఖాయం.

మీకే ఇంగ్లీషు గడగడా రాదన్న బెరుకుంటే తెలిసిన కథతో మొదలుపెట్టండి, కానీ వాక్యాలు పది రాసుకుని, మధ్యలో ఆ ఒక్క మార్పు మరవకండి. నెల తర్వాత ప్రశ్నల కథకు రావచ్చు. అందులో నిజానికి టీచర్‌కు కావాల్సిన ఇంగ్లీషు చాలా తక్కువ: ఆ మూడు మాటలు, ఆరు రకాల ప్రశ్నలు. వాటిని ఒక కాగితం మీద రాసి చేతిలో పట్టుకుని చెప్పినా ఎవరూ తప్పుపట్టరు.

సామాను గురించి రెండు మాటలు. మొహం మూసే మాస్కు వద్దు, మాట బయటికి రాదు, మొహంలో భావం కనపడదు. నాలుగు వేళ్ల వెడల్పు అట్టపట్టీని నుదుటికి కట్టి దాని మీద చెవులో కొమ్ములో అతికించండి. అసలు వస్తువు దొరికితే బొమ్మ గీయొద్దు. గంప, చెంబు, కట్టె, నిమ్మకాయ తేవడం సులువు, చేతికి తగిలిన వస్తువు గుర్తుంటుంది.

పాత్రలు పంచేటప్పుడు జాగ్రత్త అవసరం. బర్రె, గాడిద, పంది వేషాలు ఏ పిల్లకు ఇస్తే ఆ పేరు ఆ పిల్లకు ఏళ్ల తరబడి అంటుకుంటుంది. వాటిని మీరు వేయండి, లేదా ముగ్గురికి కలిపి ఒకేసారి ఇవ్వండి. గొర్రెలు కాసే ఇంటి పిల్లవాడికే గొర్రెలకాపరి వేషం, బట్టలుతికే ఇంటి పిల్లకే మూట ఇవ్వడం అస్సలు వద్దు. రాజు వేషం ప్రతిసారీ క్లాస్ లీడర్‌కే పోవడమూ ఇలాంటిదే. ముందుకు రానంటున్న పిల్లను గుంజి నిలబెట్టకండి. చెట్టు వేషం ఇవ్వండి, తలుపు వేషం ఇవ్వండి, అట్ట పట్టుకుని నిలబడమనండి. వారం తిరిగేసరికి మేక వేషం కావాలని తానే అడగొచ్చు.

వచ్చిందా లేదా చూసుకోవడానికి పరీక్ష పేపర్ అక్కర్లేదు. కథ చెప్పిన వారానికి, మళ్లీ పాఠం చెప్పకుండా, ఐదుగురిని ఒక్కొక్కరిగా పిలవండి. ఇద్దరు చురుకైనవాళ్లు, ముగ్గురు వెనకబడినవాళ్లు ఉండాలి. మూడు మాటలనూ కొత్త వాక్యంలో వినిపించండి: "ద డాగ్ వాంట్స్ ఎ బాల్." సైగ చేశారా, బొమ్మ చూపారా, తెలుగులో చెప్పారా, ఏదైనా సరే. ఐదుగురిలో నలుగురికి వస్తే ముందుకు పోండి. ఇద్దరికే వస్తే కథను మళ్లీ మొదటి నుంచి చెప్పకండి, పిల్లలు "అయిపోయింది కదా టీచర్" అంటారు. అవే మూడు మాటలు ఉంచి జంతువును, ఊళ్లను, కావాల్సిన వస్తువును మార్చండి. కుక్క బాల్ కోసం అచ్చంపేట పోతుంది, దేవరకొండ పోతుంది. ఎక్కడ దొరికిందో పిల్లలే చెబుతారు.